‘డ్రైవరు నిర్లక్ష్యం’ అని నేనే రాశాను

బీమా క్లెయిము కాగితంలో ప్రమాదం ఎలా జరిగిందో రాయడానికి నాలుగు గీతలు ఇస్తారు. 2019 నవంబరులో నెల్లూరులో ఒక టీ కొట్టు బల్ల మీద ఆ కాగితం పెట్టుకుని నేను ఒక్క గీతతో సరిపెట్టాను. ‘డ్రైవరు నిర్లక్ష్యం వల్ల లారీ అదుపు తప్పింది.’ ఏజెంటు చదివి, ఇది చాలు, ఇంతకు మించి రాస్తే ప్రశ్నలు ఎక్కువ వస్తాయన్నాడు. సంతకం పెట్టాను. ఆ డ్రైవరు అప్పటికి తొడ ఎముకలో రాడ్డు వేయించుకుని ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు.

రాసేటప్పుడే నాకు తెలుసు, ఆ వాక్యం అబద్ధమని.

జిల్లా పేజీ తెరిస్తే ఈ మాట తరచూ కనిపిస్తుంది. కావలి దగ్గరో, సింగరాయకొండ దగ్గరో, ఒంగోలు దాటాకో ఒక లారీ. ‘డ్రైవరు నిద్రమత్తే కారణం’, ‘అతివేగమే ప్రాణం తీసింది’, అన్నిటికీ అక్కరకొచ్చే ‘డ్రైవరు నిర్లక్ష్యం’. ఒక పదేళ్ళు లారీల మీద బతికినవాడిగా ఆ వార్తలు చదివితే నాకు వచ్చే మొదటి ప్రశ్న వేరు. వాడు ఆ బండి ఎక్కి ఎన్నాళ్ళయింది? ఆ లోడు వాడికి ఎన్నోది? ఆ దారిలో అంతకు ముందు ఎప్పుడైనా వెళ్ళాడా? ఈ మూడూ ఏ వార్తలోనూ ఉండవు. పోలీసు కాగితాల్లో అడగరు. బీమా కాగితాల్లో లైసెన్సు నంబరు, దాని గడువు అడుగుతారు, అంతే. తెలిసి పట్టించుకోనివాణ్ణి నిర్లక్ష్యపరుడు అంటాం. తెలియనివాణ్ణి ఏమనాలో మన కాగితాల్లో మాట లేదు.

మా కుర్రాడి సంగతి చెబుతాను. కనిగిరి వైపు వాడు. ఇరవై రెండేళ్ళు. ఊళ్ళో ట్రాక్టరు నడిపేవాడు, తర్వాత చిన్న ట్రాలీ ఆటో, తర్వాత హెవీ లైసెన్సు. మంచివాడు, తాగుడు లేదు, ఫోను పట్టుకుని నడిపే అలవాటు లేదు. నా దగ్గర అప్పటికి పది టైర్ల లారీలు రెండు ఉండేవి. ఒక దాని డ్రైవరు చెప్పాపెట్టకుండా మానేశాడు. ఈఎంఐ మానదు కదా. లైసెన్సు చూశాను, యార్డులో ముందుకూ వెనక్కీ నడిపించి చూశాను, రెండు ట్రిప్పులు నెల్లూరు నుంచి కృష్ణపట్నం పోర్టుకు పంపాను. చదును రోడ్డు. బాగానే వెళ్ళాడు, బాగానే వచ్చాడు. మూడో ట్రిప్పుకు అప్పటి కడప జిల్లా మంగంపేట నుంచి ముగ్గురాయి (బెరైటీస్ ఖనిజం) లోడు తగిలింది. చిట్వేలి మీదుగా వెలిగొండలు దాటి రాపూరు వైపు దిగాలి. క్లీనరును పంపలేదు. క్లీనరుకు రోజుకు ఇంత, తిండికి ఇంత అని లెక్క వేసుకుని పంపలేదు.

ముగ్గురాయి గురించి తెలియనివారికి ఒక మాట. అది నీటి కంటే నాలుగు రెట్లకు పైగా బరువు. కంకర లోడు అయితే లారీ తొట్టి చాలావరకు నిండి కనిపిస్తుంది. ముగ్గురాయి అడుగున పరిచినట్టు ఉంటుంది, కాటా మీద చూస్తే బరువు నిండిపోయి ఉంటుంది. తొంగి చూసినవాడికి సగం ఖాళీ బండి. కుర్రాడు కూడా అదే అనుకున్నాడట. ‘లోడు తక్కువే ఉందన్నా’ అని మంగంపేటలో ఎక్కేటప్పుడు నాకు ఫోను చేశాడు. నేను ఆ మాట పట్టించుకోలేదు. కాటా చీటీలో బరువు నాకు తెలుసు కాబట్టి, వాడికీ తెలిసే ఉంటుందనుకున్నాను.

ఘాట్ దిగుతూ మూడు నాలుగు మలుపులు బ్రేకు మీదే దిగాడు. నాలుగో గేరులో. అంత బరువుతో అలా దిగితే చక్రాల బ్రేకు డ్రమ్ములు వేడెక్కుతాయి, వాటిని ఒరుసుకుని ఆపే లైనింగు పట్టు వదిలేస్తుంది. కాలిన వాసన వచ్చింది. ఇక్కడే అసలు సంగతి ఉంది. ఆ వాసన చూసి వాడు క్లచ్ ప్లేటు కాలుతోందనుకున్నాడు. ట్రాక్టరు మీద వాడికి తెలిసిన కాలిన వాసన అదొక్కటే. క్లచ్‌ను కాపాడాలని గేరు తీసి న్యూట్రల్ చేశాడు. ఇంజను పట్టి ఉంచిన ఆ కాస్త బలం కూడా పోయింది. మళ్ళీ గేరు వేద్దామంటే ఆ వేగంలో పడదు. ‘పెడలు కింద గాలి ఉందన్నా, బుస్సుమంటోంది కూడా, బండి మాత్రం ఆగడం లేదు’ అని తర్వాత ఆసుపత్రిలో చెప్పాడు. లారీ బ్రేకు గాలి ఒత్తిడితో పని చేస్తుంది కాబట్టి, ట్యాంకులో గాలి ఉంటే బ్రేకు ఉన్నట్టే అని వాడి నమ్మకం. డ్రమ్ము వేడెక్కితే గాలి ఎంతున్నా లాభం లేదని వాడికి ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

చివరికి లోయ వైపు కాకుండా కొండ వైపు తిప్పి గుద్దించాడు. ఆ ఒక్క క్షణంలో వాడు చేసిన పని ఇరవై ఏళ్ళ డ్రైవరు చేయాల్సిన పని. ఎదురుగా ఎవరూ రాలేదు. కాలు నలిగింది, ప్రాణం మిగిలింది.

మా నాయన ఆ రోజు బండి దగ్గరకు వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి. డ్రమ్ముల రంగు చూశాడు, గేరు రాడ్డు చూశాడు, నన్ను ఒక్కటే అడిగాడు. ‘ఎక్కిన గేరులోనే దిగాలని చెప్పావా వాడికి?’

ఆ మాట ఏ లారీ డ్రైవరుకైనా అక్షరాభ్యాసం లాంటిది. కొండ ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు, బ్రేకు అప్పుడప్పుడు మాత్రమే తాకించు. దీనికి చదువు అక్కర్లేదు, యంత్రం అక్కర్లేదు. పక్కన ఒక మనిషి ఉండి చెప్పాలి. మా నాయనకు చెప్పిన మనిషి ఉన్నాడు. పదమూడో ఏట క్లీనరుగా ఎక్కి ఐదేళ్ళు ఎడమ వైపు కూర్చున్నాక గానీ స్టీరింగు ముట్టుకోనివ్వలేదు. ఆ ఐదేళ్ళలో ఆయన నేర్చినది నేను చిన్నప్పుడు సెలవుల్లో కళ్ళారా చూశాను. బండి ఆగగానే చిన్న ఇనుప రాడ్డు పట్టుకుని దిగి టైర్లన్నీ కొట్టుకుంటూ ఒక చుట్టు తిరిగేవాడు. గాలి నిండిన టైరు ఖణేలున ఎగరగొడుతుంది. గాలి తగ్గినది దప్పున పలుకుతుంది, రాడ్డు చేతిలో చచ్చినట్టు ఆగుతుంది. వెనక జంట టైర్లలో లోపలిది పూర్తిగా పోయినా కంటికి తెలియదు, బయటిది మోస్తూ ఉంటుంది, కాసేపటికి అదీ వేడెక్కి పేలుతుంది. తర్వాత అరచేతిని డ్రమ్ముకు జానెడు దూరంలో పెట్టి వేడి చూసేవాడు. నాలుగు పక్కలా సెగ ఒకేలా ఉండాలి. ఒకటి చల్లగా ఉంటే ఆ చక్రం బ్రేకు పని చేయడం లేదన్నమాట. వేడి దానికంటే చల్లని దాని గురించే ఎక్కువ భయపడేవాడు.

అలాగని ఆ పాత కాలాన్ని నెత్తిన పెట్టుకోవాలని నేను అనడం లేదు. మా నాయన బడి మానేసి ఎక్కాడు. లారీ కింద పడుకున్నాడు. స్పానరుతో దెబ్బలు తిన్నాడు, ఆ మచ్చ ఇప్పటికీ మోచేతి మీద ఉంది. అలాంటి బడి నా కొడుక్కు వద్దు, కనిగిరి కుర్రాడికీ వద్దు. కానీ అది పోయాక దాని చోట ఏం వచ్చింది? నేను చూసినంతలో ఏమీ రాలేదు. క్లీనరు జీతం మిగులుతుందని యజమానులం మేమే ఎడమ సీటు ఖాళీ చేశాం. ఆ సీటుతోపాటు బడి కూడా మూతబడింది.

చట్టంలో ఏమీ లేదా అంటే, ఉంది. రవాణా వాహనం నడపడానికి ఇరవై ఏళ్ళు నిండాలి. అంతకు ముందు కనీసం ఏడాది పాటు తేలికపాటి వాహనం లైసెన్సు ఉండాలి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం రవాణా వాహనం నేర్పే డ్రైవింగ్ స్కూలు కనీసం 30 రోజులు నేర్పాలి, అందులో స్టీరింగు మీద 15 గంటలకు తగ్గకూడదు. 2021 జూలై నుంచి గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాలని కొత్తగా తెచ్చారు, అక్కడ భారీ వాహనాలకు ఆరు వారాల్లో 38 గంటలు. మన ప్రకాశం జిల్లా దర్శిలోనే డ్రైవింగ్ శిక్షణ, పరిశోధన సంస్థ ఒకటి కట్టారు. కాగితం మీద చూస్తే మరీ తీసిపారేయదగ్గది కాదు.

మా కుర్రాడి 15 గంటల సంగతి ఆసుపత్రిలో అడిగాను. స్కూలు వాళ్ళు ఒక పాత లారీ మీద నలుగురిని ఎక్కించుకుని ఊరి బయటకు తీసుకెళ్ళి, ఒక్కొక్కరికి పది నిమిషాలు ఇచ్చేవారట. ఎన్ని రోజులు వెళ్ళావంటే వేళ్ళు లెక్కపెట్టాడు, రెండో చేతికి రాకుండానే ఆగిపోయాడు. సర్టిఫికెట్టులో నెల రోజులు ఉంది. పరీక్ష నాడు బ్రేక్ ఇన్‌స్పెక్టరు ముందు ఎనిమిది అంకె వేశాడు, వెనక్కి తీశాడు, పాసయ్యాడు. లారీ ఖాళీది. లోడు లేని లారీ మీద పరీక్ష పెట్టడం అంటే, నీళ్ళు లేని చెరువులో ఈత పరీక్ష పెట్టడమే. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఉన్నవాడికి కంటికి అడ్డం కనబడి కాలు బ్రేకు మీదికి వెళ్ళే సెకనున్నరలోనే బండి 25 మీటర్లు పోతుంది. నిండు లోడుతో బ్రేకు పట్టాక ఇంకో 35 మీటర్లయినా పోతుంది. ఖాళీ లారీ మీద నేర్చిన కాలికి ఈ రెండో లెక్క తెలియదు. పైగా పది టైర్ల లారీకి లోడుతో కలిపి అనుమతించే మొత్తం బరువును 2018లో 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు పెంచారు. మేం సంతోషించాం. బరువు పెరిగింది కాబట్టి శిక్షణ కూడా పెంచుదామని మాలో ఒక్కరూ అనలేదు.

ఎక్కువ మంది డ్రైవర్లు ఒక్కసారిగా కావలసి వచ్చినప్పుడు ఏమవుతుందో మా నెల్లూరు వాళ్ళం ఒకసారి చూశాం. 2008లో కృష్ణపట్నం పోర్టు మొదలైంది. బళ్ళారి, హోస్పేట ఇనుప ఖనిజం అప్పట్లో బంగారం. రైళ్ళు చాలక లారీలు. ఆత్మకూరు, బద్వేలు రోడ్డు ఎర్రటి దుమ్ముతో నిండిపోయింది. ఉన్న డ్రైవర్లు చాలలేదు. ఆరు నెలల క్లీనర్లకు స్టీరింగులు ఇచ్చేశారు. ట్రిప్పుకింత అని బత్తా, ఎన్ని ట్రిప్పులు తిరిగితే అంత. 2010లో కర్ణాటక ఖనిజం ఎగుమతులు ఆపేసింది, మరుసటి ఏడాది సుప్రీంకోర్టు బళ్ళారి తవ్వకాలనే ఆపింది. లారీలు యార్డుల్లో ఆగిపోయాయి. ఆ హడావుడిలో తయారైన డ్రైవర్లు మాత్రం ఎక్కడికీ పోలేదు, ఈ రోడ్ల మీదే ఉన్నారు. బతికి బట్టకట్టినవాళ్ళు ఇప్పుడు సీనియర్లు. కొత్తవాళ్ళకు వాళ్ళే గురువులు. డీజిలు మిగలాలంటే పల్లంలో న్యూట్రల్ చెయ్యి అనే పాఠం ఆ తరం నుంచి వచ్చినదే అని నా అనుమానం. డీజిలు మిగిలిస్తే బత్తా మీద కొంత ఎక్కువ ఇచ్చేది మేమే కాబట్టి అనుమానం అనడం కూడా మర్యాద కోసమే.

ఇది మన దేశపు జాడ్యం మాత్రమే అనుకోనక్కర్లేదు. 2018 ఏప్రిల్ 6న కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రంలో హాకీ ఆటగాళ్ళ కుర్రజట్టు వెళ్తున్న బస్సుకు ఒక లారీ అడ్డం వచ్చింది. పదహారు మంది చనిపోయారు, పదమూడు మంది గాయపడ్డారు. లారీ డ్రైవరు మన దేశం నుంచి వెళ్ళిన యువకుడే. ఆ సంస్థలో చేరి మూడు వారాలు. అందులో రెండు వారాలు మరొకరితో కలిసి, తర్వాత ఒంటరిగా. రెండు ట్రెయిలర్ల బండి. వెనక ట్రెయిలరు మీద టార్పాలిన్ వదులై కొట్టుకుంటోందని అద్దంలో దాన్నే చూస్తూ, కూడలిలో ఆగమని ఉన్న బోర్డును దాటేశాడు. మా నాయనకు ఈ సంగతి చదివి వినిపిస్తే ఆయన అడిగిన ప్రశ్న, ‘పట్టా కొట్టుకుంటుంటే ఆపి కట్టుకోవాలి గాని అద్దంలో చూస్తూ కూర్చుంటారా?’ నిజమే. కానీ ఆపి కట్టుకోవచ్చని, లోడు ఆలస్యమైనా ఫరవాలేదని ఒకరు చెప్పి ఉండాలి కదా. డ్రైవరు తప్పు ఒప్పుకున్నాడు, ఎనిమిదేళ్ళు శిక్ష పడింది. లారీ యజమానికి భద్రతా నియమాలు పాటించనందుకు పడినది 5,000 డాలర్ల జరిమానా. ఆ రెండు అంకెలు పక్కపక్కన చదివినప్పుడు ఒక యజమానిగా నాకు సిగ్గేసింది, కాస్త ఊరట కూడా కలిగింది. ఊరట కలిగినందుకు మరింత సిగ్గేసింది.

అక్కడ తర్వాత ఏం చేశారంటే, సస్కాచెవాన్‌లో 2019 నుంచి పెద్ద లారీ లైసెన్సుకు ముందు 121.5 గంటల శిక్షణ తప్పనిసరి చేశారు. ఆ అర గంటను కూడా వదలకుండా చట్టంలో రాసుకోవడం నాకు నచ్చింది.

మన దగ్గర చర్చ శిక్ష వైపే నడిచింది. ప్రమాదంలో మనిషి ప్రాణం తీసి, ఎవరికీ చెప్పకుండా పారిపోయిన డ్రైవరుకు పదేళ్ళ దాకా జైలు అని కొత్త భారతీయ న్యాయ సంహితలో రాశారు. దానికి నిరసనగా 2024 జనవరిలో లారీలు ఆగిపోయాయి, పెట్రోలు బంకుల దగ్గర వరుసలు పెరిగాయి, కేంద్రం మాట్లాడి ఆ క్లాజును ప్రస్తుతానికి పక్కన పెట్టింది. అప్పట్లో మా యార్డులో ఒక పెద్దాయన అన్న మాట మరిచిపోలేను. ‘పదేళ్ళు వేస్తే పారిపోనేమో, కానీ గుద్దకుండా ఎలా ఉండాలో ఆ కాగితంలో రాశారా?’ శిక్ష అక్కర్లేదని నేను అనను. రోడ్డు మీద మనిషిని వదిలేసి పోయినవాడికి శిక్ష పడాల్సిందే. అయితే మా కుర్రాడు ఘాట్ మీద గేరు తీసిన క్షణంలో వాడి మనసులో ఏ సెక్షనూ లేదు. క్లచ్ ప్లేటు మాత్రమే ఉంది.

నాతో వాదించేవాళ్ళు ఒకటి అంటారు. ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు కూడా నిద్రలో డివైడరు ఎక్కిస్తున్నారు కదా, అనుభవం ఏం కాపాడింది? దీనికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం, 2025 నవంబరులో దాని చోట కొత్త కార్మిక కోడ్ వచ్చేదాకా, రోజుకు ఎనిమిది గంటల పని అని చెప్పేది. అది అమలైన లారీ నేను చూడలేదు, నా లారీలతో సహా. అలసటను అనుభవం జయించదు. ఎక్కడ ఆగాలో, ఎలా ఆగాలో మాత్రం చెబుతుంది. మా నాయనకు ఒంగోలు నుంచి తడ దాకా రోడ్డు పక్కన బండి పూర్తిగా దిగి నిలబడే చోట్లు వరసగా నోటికి వచ్చు. కొత్తవాడు నిద్ర ఆపుకోలేక రోడ్డు అంచునే లైట్లు ఆర్పేసి ఆపుతాడు. తెల్లవారుజామున ఒక కారు వచ్చి వెనక నుంచి దూరుతుంది. బండి చెడితే నాలుగు రాళ్ళు, ఒక తుమ్మ కొమ్మ అడ్డం పెట్టి, బాగయ్యాక ఆ రాళ్ళు అక్కడే వదిలేసి పోయేవాళ్ళ గురించి చెప్పాలంటే ఇంకో వ్యాసం అవుతుంది.

డబ్బు సంగతి దాచడం ఎందుకు. కొత్తవాడికి నేర్పించడం అంటే రెండు మూడు నెలలు ఒక బండికి రెండు జీతాలు. చిన్న యజమానికి అది భారమే. పైగా నేర్పించి తయారు చేసినవాణ్ణి పక్క యార్డు వాడు వెయ్యి ఎక్కువిచ్చి పట్టుకుపోతాడు. బీమా సంస్థకు నేను నేర్పించినా నేర్పించకపోయినా ఒకటే, థర్డ్ పార్టీ ప్రీమియం బండి బరువును బట్టి కడతాం, డ్రైవరు అనుభవాన్ని బట్టి కాదు. లోడు ఇచ్చేవాళ్ళు బండి వయసు అడుగుతారు, టార్పాలిన్ చిరుగులు చూస్తారు, స్టీరింగు వెనక ఉన్నవాడి మొహం కూడా చూడరు. ఇన్ని వైపుల నుంచీ నేర్పించనివాడికే లాభం కనిపిస్తుంటే, నేర్పించేవాడు వెర్రివాడిలా కనిపిస్తాడు. అందుకే మంచి యజమానులు ముందుకు రావాలి లాంటి మాటల మీద నాకు నమ్మకం లేదు. నేను చెడ్డ యజమానిని కాదు. అయినా వాణ్ణి ఘాట్‌కు పంపాను. లోడు ఎక్కించే చోటే, గేటు దగ్గరే, లైసెన్సుతోపాటు ఫలానా బండి మీద, ఫలానా దారిలో ఎవరి పక్కన ఎన్నాళ్ళు నడిపాడో రాసి ఉన్న పుస్తకం అడగాలి. లేనివాడికి లోడు ఇవ్వకూడదు. పోర్టులు, గనులు, సిమెంటు కర్మాగారాలు తలుచుకుంటే నెలలో అయ్యే పని. కాలుష్యం సర్టిఫికెట్టు లేకపోతే గేటు దాటనివ్వనివాళ్ళకు ఇది పెద్ద కష్టం కాదు.

ఆ ప్రమాదం తర్వాత ఒక లారీ అమ్మేశాను. ఉన్న దాని మీద కొత్తవాడు ఎవరొచ్చినా మూడు నెలలు పాత డ్రైవరు పక్కన ఉంటాడు. మొదటి నెల రాత్రి బండి లేదు. ఘాట్ అయితే మూడు సార్లు లోడుతో పక్కన ఎవరో ఉండగా దిగాలి. డీజిలు మిగులు మీద ఇచ్చే డబ్బు ఆపేసి అదే మొత్తం జీతంలో కలిపాను. కనిగిరి కుర్రాడు కాలు కుదిరాక మళ్ళీ నా దగ్గరికే వచ్చాడు. చలికాలంలో ఆ కాలు లాగుతుందంటాడు. ఇప్పుడు పాత డ్రైవరు వాడే. కొత్తవాడికి రాడ్డు ఇచ్చి టైర్లు కొట్టిస్తుంటాడు. లోపలి టైరు దాకా రాడ్డు పోనివ్వకుండా బయటిదొక్కటే తాకించి వచ్చేస్తే మళ్ళీ మొదటి నుంచి తిప్పుతాడు.

పోయిన నెల రాత్రి ఎనిమిదింటికి ట్రాన్స్‌పోర్టు ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. మంగంపేట లోడు, తెల్లవారే ఎక్కించాలి, కిరాయి మామూలు కంటే ఎక్కువ. మా వాడు కనిగిరిలో పెళ్ళికి వెళ్ళాడు. యార్డులో ఉన్నది కొత్తవాడొక్కడే, వాడికి ఇంకా మూడు వారాలు మిగిలి ఉన్నాయి. డ్రైవరు లేడన్నాను. ఆ కుర్రాడు ఉన్నాడుగా, లైసెన్సు ఉందిగా అన్నాడు అవతలి మనిషి. లేడనే అన్నాను. సరే అని పెట్టేశాడు. మరునాడు మధ్యాహ్నం రాపూరు వైపు నుంచి ముగ్గురాయి లారీ ఒకటి మా యార్డు ముందు నుంచి పోర్టు వైపు వెళ్ళింది. ఎడమ సీటు ఖాళీగా ఉంది. నడిపేవాడికి మీసం ఇంకా సరిగా రాలేదు.